చుక్క ఆగేదాకా

చుక్క పడింది. ఇదే ఆఖరుది కాబోలు అనుకున్నాడు డ్రైవరు. అనుకోవడం పూర్తికాకముందే పైన గేరుబాక్సు కడుపులో ఇంకొకటి ఊరింది, అంచు పట్టుకుని వేలాడింది, దిగనా వద్దా అని కొత్తల్లుడిలా కాసేపు బెట్టుచేసి, కింద పెట్టిన రేకు తొట్టిలోకి టప్‌మని దిగింది. గంటసేపు కారనివ్వండి, తొందరపడితే లోపల పాతదే మిగులుతుంది అని చెప్పాడు స్పేర్ పార్టుల షాపాయన. గంటంటే గంట. మూడుంబావుకి మొదలైన గంట ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. నూనె చేతులతో అంటకూడదని వాచీ విప్పి కిటికీలో పెట్టాడు, ఆ కిటికీ ఇక్కణ్ణించి కనపడదు. కారు కింద, అట్టపెట్టె విప్పి పరిచిన అట్ట మీద వెల్లకిలా పడుకున్న మనిషికి కాలం చుక్కల్లోనే తెలియాలి. ఇరవైదాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాతది ఇరవై ఒకటో ముప్ఫై ఒకటో కలిసిపోయింది. లేచి పోవచ్చు, చుక్కలకి కాపలా అక్కర్లేదు. కాని లేస్తే ఇంట్లోకి వెళ్ళాలి, ఇంట్లోకి వెళితే మాట్లాడాలి. ఇక్కడే నయం. నాలుగు చెక్కదిమ్మల మీద సమంగా నిలబెట్టిన కారు, దాని కింద చీకటి కాని చీకటి, మొహానికి జానెడు ఎత్తులో తనకు అర్థంకాని ఇనుము.

ఈ ఇనుము సంగతే అతనికి మొదట్నించీ అంతు చిక్కదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తోలాడు. ఉద్యోగం దిగిపోయి ఎనిమిది నెలలైనా వీధిలో అందరికీ ఇంకా డ్రైవరే. అతని దృష్టిలో గేరంటే చేతిలో ఉండే వస్తువు. కాలు క్లచ్చి మీద, చెయ్యి రాడ్డు మీద, చెవి ఇంజను మీద, మూడూ ఒక్క క్షణంలో కలిస్తే గేరు పడుతుంది, లేకపోతే పళ్ళు కొరుకుతుంది. ఒరే, గేరు చేత్తో వేసేది కాదురా, చెవితో వేసేది అని డిపోలో మేస్త్రి మొదటిరోజే చెప్పాడు. ఆ చెవిని నమ్ముకునే బతికాడు. ఎత్తు ఎక్కేటప్పుడు రెండోది ఎక్కడ పడాలో, వర్షంలో మూడోది ఎక్కడ వదలాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మరి ఈ కారులో? పీ, ఆర్, ఎన్, డీ అని నాలుగు అక్షరాలు. డీలో పెట్టి కూర్చుంటే దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే మారుతుంది. లోపల నూనే దానికి చెయ్యి, నూనే కాలు, నూనే బుర్ర అన్నాడు షాపాయన. నూనెకి బుర్రేమిటి? ఆయన అన్నాడు, తను తలూపాడు, అర్థమైనట్టు. అర్థంకాని చోట తలూపడం తనకి చిన్నప్పుడు బళ్ళోనే అలవాటైంది. పక్కసీట్లో కూర్చున్నప్పుడల్లా అతని ఎడమకాలు తనకి తెలియకుండానే లేని క్లచ్చిని తొక్కేది. టైలరమ్మ ఓరగా చూసి, "మీ కాలికింకా పింఛను రాలేదండీ," అని నవ్వేది. టైలరమ్మంటే అతని భార్య. ఆ నవ్వు ఎప్పటిది? ఈ ఏడాదిది కాదు. టప్.

ఐదింటికి బామ్మర్ది వస్తాడు, కారు కొనే మనిషిని వెంటబెట్టుకుని. ఇదొక్కటీ గజిబిజి లేకుండా తెలుసు. కారు టైలరమ్మది. ఇరవై ఏళ్ళు ఎవరింటికి కర్టెన్లు కుట్టిందో ఆ కళ్ళ డాక్టరమ్మ, ఊరు మారుతూ, నీకైతే ఇది సరిపోతుందమ్మా అని ఇచ్చి పోయింది. సరిపోవడమంటే ఎడమ మోకాలి సంగతి. చిన్నప్పుడు గోడ మీంచి పడితే ఎముక వంకరగా అతుక్కుంది, సగం వంగి ఆగిపోతుంది, క్లచ్చి తొక్కే పని దానివల్ల కాదు. పెళ్ళైన కొత్తలో తను ఒకసారి నేర్పబోయాడు, ఎవరిదో కారు అడిగి తెచ్చి. మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. క్లచ్చి తొక్కలేని మనిషికి బండెందుకు అనుకున్నాడు, పైకి అనలేదు. పైకి అనలేదనే అనుకుంటున్నాడు. నలభై ఎనిమిదో ఏట ఆమె తనంతట తానే నేర్చుకుంది, ఈ కారు మీద. నాలుగేళ్ళు తోలింది. వెనకసీటు నిండా బడిపిల్లల యూనిఫాం మూటలు, ఆస్పత్రి దుప్పట్లు, అందులో ఒకటి జారితే ఇంకోటి పట్టుకునేట్టు పేర్చి, అద్దం దించి మోచెయ్యి బయటపెట్టి. చిల్లర కోసం గొడవపడే బస్సెక్కే అవసరం తీరింది నాకు అనేది బస్సు డ్రైవరు మొగుడితో. అలాంటి మనిషి ఏడు నెలలుగా తాళంచెవి ముట్టుకోలేదు. మొన్న తమ్ముణ్ణి పిలిచి అమ్మిపెట్టమంది. బేరాలాడ్డంలో వాడి తర్వాతే ఎవరైనా, పిల్లిని చూపించి పులిని కొన్న వెల ఇప్పిస్తాడు. పొద్దున తను జాకీ తీసుకొస్తుంటే గుమ్మంలో నిలబడి అడిగింది. "అమ్మేదానికి నూనె మార్చడం దేనికండీ?" అతను జాకీ కారు కిందికి తోశాడు. దేనికో అతనికీ తెలియదు.

తెలిసిందల్లా ఒక్కటే, ఆమె అమ్ముతున్నది కారుని కాదు. తన కాలు తన మాట వినదని నమ్మింది, ఆ నమ్మకాన్ని వదిలించుకుంటోంది. ఆ నమ్మకం ఎవరిచ్చారు? సెలవులయ్యాక బళ్ళు తెరిచిన రోజు జరిగిందది. బడి గేటు ముందు కారు ముందుకొచ్చింది, మెల్లిగా, మలుపు తిరిగి, పిల్లలు దాటుతున్నారని ఆగీ ఆగనట్టుగా. అంతలో వెనకనించి ఎవరో తన్నినట్టు ధబ్‌మని ఒక్క దూకు దూకింది. పళ్ళబండి ముసలాయనకీ కారుకీ మధ్య బెత్తెడు మిగిలింది. పళ్ళు దొర్లాయి, మనిషికేం కాలేదు. ముసలాయన తిట్టలేదు కూడా, కిందపడ్డవి ఏరుకుంటూ నీకేం కాలేదుగా తల్లీ అన్నాడట. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఇంటికొచ్చి, కారు దానంతటది దూకిందండీ అంది. అప్పుడు తనేమన్నాడు? ఆదివారం ఆదివారం నేనే చూస్తున్నాను, నూనె గీత దగ్గరే ఉంది, ఇంజను బంగారంలా ఉంది అన్నాడు. అక్కడితో ఆగితే పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ సంగతి అన్నాడు. వారంలో పది మాటలు మాట్లాడే మనిషి, అందులో ఒకటి అది. ఎక్కువ మాట్లాడేవాళ్ళ మాటలు గాలికి పోతాయి. తక్కువ మాట్లాడేవాడి మాట మేకులా దిగుతుంది. ఆమె తాళంచెవి తీసుకెళ్ళి గూట్లో, సూదుల డబ్బా కింద పెట్టింది.

టప్. ఇప్పుడు చుక్కకీ చుక్కకీ మధ్య ఊపిరి పీల్చి వదిలేంత సందు వచ్చింది. పక్కనే పాత నూనె, రెండు డబ్బాల్లో కొలిచి పోసినది. అదొక తికమక. ఎంత దిగిందో అంతే పొయ్యాలి డ్రైవరు గారూ, కొలుచుకోండి, ఈ బండికి నాలుగు లీటర్లు దిగుతుంది అటూ ఇటూగా అన్నాడు షాపాయన. ఆమె గుడ్డలకి రంగు కలుపుకునే గీతల మగ్గు అడక్కుండా తెచ్చి కొలిచాడు. రెండు ముప్పావు. తప్పు కొలిచానేమోనని మళ్ళీ తొట్టిలో పోసి మళ్ళీ కొలిచాడు. రెండు ముప్పావు, ఈసారి మగ్గుకి అంటుకున్నది తీస్తే ఇంకాస్త తక్కువే. మరి మిగతా లీటరుంబావు ఏమైంది? కారిందంటే నేల మీద మరక ఉండాలి. ఈ పోర్టికో నేల ఆమె రోజూ కడుగుతుంది, ఒక్క మరక ఉన్నా ఇల్లు పీకి పందిరేసేది. మండిందంటే వాసన రావాలి. వేలు ముంచి వాసన చూశాడు. మాడు వాసన లేదు. రంగు ముదిరింది, చెరుకుపాకంలా, అంతే. గేరుబాక్సు కిందనించి విప్పిన పళ్ళెం అడుగున ఉండే అయస్కాంతానికి బూడిదరంగు నుసి పట్టింది, అదీ వేలితో రాస్తే మెత్తగా పోయేదే, పలుకులు లేవు. అంటే లోపల చావలేదు. చావలేదు సరే, జబ్బేమిటి? నూనె గీత దగ్గరే ఉంది. ప్రతి ఆదివారం గీత దగ్గరే. గీత దగ్గర ఉన్న నూనె కొలిస్తే ఎందుకు తక్కువౌతుంది? షాపాయన చెప్పింది వేరే బండి లెక్కేమో. లేకపోతే తను విన్నది వేరేమో. నాలుగన్నాడా? మూడన్నాడా? నాలుగు వేళ్ళు చూపించాడు. బొటనవేలు మడిచాడా?

లోపల్నించి మిషను మోగింది. ఐదింటికి మనుషులొస్తారని తెలిసీ ఆమె కుట్టుకుంటోంది, రేపు ఇవ్వాల్సిన కర్టెన్లు. మోటారు మిషను, కుడికాలి కింద పెడలు. వద్దన్నా చెవి అటే పోయింది. చెవి అంటే అతనికి చెవే, మేస్త్రి ఇచ్చినది. మొదలుపెట్టేటప్పుడు సన్నగా, చీమ నడిచినట్టు, టిక్, టిక్, టిక్. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత గుడ్డ సాఫీగా పోతోంది కాబోలు, గొంతు పెంచింది, పెంచిందని తెలియనీకుండా పెంచింది, వాలులోకి దిగే బస్సులా. పొడుగు అంచు మొత్తం ఒకే పరుగు. చివర మూల వస్తోంది, ఇదిగో తగ్గిస్తోంది, ఇంకా, ఇంకా, ఆపింది. ఎక్కడ ఆపింది? సూది గుడ్డలోకి సగం దిగి ఉండగా ఆపింది, గుడ్డ తిప్పడానికి. చూడనక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళుగా పక్కగదిలో విన్నాడు. ఒకసారి పందెం కట్టి మరీ చూపించింది, ఒక్క కుట్టు, ఒకే ఒక్క కుట్టు వేసి ఆపడం; తను తొక్కితే ఏడు కుట్లు పోయి దారం తెగింది. టిక్ అని ఒక్కటి వేసి ఆపే కాలు. కారు పెడలు మీద పడితే దూకించిందా ఆ కాలు? చుక్క పడిందో లేదో గమనించలేదు. మళ్ళీ మోగింది మిషను, మూల తిరిగి, చీమనడక, పరుగు. ఎక్కడా ఉలికిపాటు లేదు. ఇదే కాలు. కుడికాలే. రెండు కుడికాళ్ళు లేవుగా ఎవరికీ.

మరైతే కారు. కారైతే ఎప్పట్నించి? ఇక్కడ మళ్ళీ ముడి పడుతోంది. కారు ఎందుకో ఉలిక్కిపడుతోందండీ అని ఆమె మొదటిసారి అన్నది బడి గేటు రోజు కాదు. అంతకుముందే ఒక సాయంత్రం, చెయ్యి కడుక్కుంటూ, పెద్ద విషయం కానట్టు అంది. అప్పుడు తను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కాలో ఉన్నాడా, బనీనులో ఉన్నాడా? ఖాకీ అయితే ఉద్యోగంలో ఉండగా, బనీను అయితే దిగిపోయాక. ఖాకీయే అనుకుంటే జేబులో పెన్ను గుచ్చుకున్నట్టు కూడా గుర్తొస్తోంది. కాని ఆవేళ ఎండ ఉంది, డ్యూటీలో ఉండగా ఎండలో ఇంటికి ఎప్పుడొచ్చాడు గనక? బనీనే. లేదు, బనీనైతే దోమలు కుట్టాలి. ఖాకీ కావాలని మనసు ఎందుకింత పట్టుబడుతోందో అది అర్థంకాలేదు. ఖాకీ అయితే ఏమిటి లాభం? ఖాకీ రోజుల్లో తను ఈ కారు బానెట్టు ఎత్తింది లేదు. డాక్టరమ్మ చూపించిన షెడ్డులోనే ఆమె చూపించుకునేది, ఆరు నెలలకొకసారి. తను ఎత్తింది దిగిపోయాకే. దిగిపోయాక మొదటి ఆదివారం. తెల్లారి లేచి, వెళ్ళడానికి డిపో లేక, చేతులు ఏం చేసుకోవాలో తెలియక బానెట్టు ఎత్తాడు. ఇంక ఇది నా పని, షెడ్డులు వద్దు అన్నాడు. ఆమె సంతోషించింది కూడా. పోన్లెండి, మీకూ కాలక్షేపం అంది. ఖాకీయే అయ్యుండాలి. అయితే బావుండు.

పక్కనే గుడ్డ మీద డిప్‌స్టిక్కు ఉంది, గేరుబాక్సు నూనె చూసే పొడుగు పుల్ల. ఇందాక లాగి తుడిచి పెట్టాడు. దాని పిడికి మురికి గట్టిపడి ఉంటే తోచక గోటితో గీకుతున్నాడు. గీకేకొద్దీ కింద అక్షరాలు పొడుచుకొచ్చాయి, పోత పోసిన అక్షరాలు. ఇంజను పుల్లకి ఇలాంటివి లేవు. కళ్ళజోడు బనీనుకి తగిలించి ఉంది. పెట్టుకుని, వెలుతురున్న వైపుకి పుల్ల చాపి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు, పై ఊరి బోర్డు చదివినట్టు. ఇంజను, నడుస్తుండగా. వేడి మీద. పీలో. మళ్ళీ మొదట్నించి చదివాడు. నడుస్తుండగా. ఇంజను నడుస్తుండగా నూనె ఎవడైనా చూస్తాడా? డిపోలో అయితే నవ్విపోతారు. తెల్లవారి మొదటి ట్రిప్పుకి ముందు, బండి చల్లగా ఉన్నప్పుడు, ఇంజను ఆపి, పుల్ల లాగి, తుడిచి, ముంచి, లాగి చూడాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే చూశాడు. ఒక్కనాడూ ఇంజను కాల్చుకోలేదు, అందుకు మెడల్ కూడా ఇచ్చారు. ఇక్కడా అలాగే చూశాడు, రెండు పుల్లలూ, ఒకే చూపు. ఈ అక్షరాలు తప్పా? కారు చేసినవాడికి తెలియదా? టప్. చాలాసేపటికి పడింది.

తొట్టి. తొట్టి అనుకున్నాడు, ఎందుకనుకున్నాడో తెలియలేదు మొదట. చిన్నప్పుడు చేలో మోటారు, దాని కింద నీళ్ళతొట్టి. నాన్న మోటారు ఆపగానే పైన గొట్టాల్లో ఉన్న నీళ్ళన్నీ గడగడమంటూ వెనక్కి వచ్చి తొట్టిలో దిగేవి, తొట్టి అంచుదాకా నిండేది. మోటారు వెయ్యగానే నీళ్ళు పైకెక్కి, తొట్టి సగానికి దిగేది. తొట్టి నిండుగా ఉందిగా నాన్నా అంటే, ఆగున్న తొట్టిని చూసి నీళ్ళున్నాయనుకోకురా, నడిచే తొట్టిని చూడు అనేవాడు. ఇంజను ఆపితే పైన ఉన్న నూనె కిందికి దిగుతుంది. దిగితే పుల్ల మీద ఎత్తుగా కనపడుతుంది. ఉండాల్సినదాని కంటే ఎత్తుగా. ఇంజను నడిస్తే పైకెక్కుతుంది, అప్పుడు కదా గీత. అప్పుడు గీత దగ్గరుంటే సరి. ఆగి ఉన్నప్పుడు గీత దగ్గరుంటే, మరి నడిచేటప్పుడు. ఆలోచన అక్కడిదాకా వచ్చి, బెట్టుచేసే చుక్కలాగే, అంచు పట్టుకుని వేలాడింది. ఎందుకంటే దాని తర్వాతది అతనికి తెలుసు. తల పక్కకి తిప్పాడు. చక్రానికీ దిమ్మకీ మధ్య సందులోంచి పోర్టికో గోడ కనపడుతోంది, గోడకి చెక్క అర, అర మీద సీసా. ఏడెనిమిది నెలలుగా అక్కడే ఉంది, గేటు మడతబందులకి, ఆమె కత్తెరకి, తలుపు గడియలకి ఓ చుక్క వేసుకుంటూ వచ్చిన సీసా. ఎర్రగా ఉండేది. ఇప్పుడూ ఎర్రగానే ఉంది, సాయంత్రం ఎండ దాని లోపల కూర్చుంది.

మొదటి ఆదివారం పుల్ల లాగి చూస్తే నూనె గీతకి రెండు వేళ్ళు పైన ఉంది. షెడ్డు వెధవలకి లెక్కా పక్కా లేదు, ఉన్నదంతా కుమ్మరించేశారు అనుకున్నాడు. అనుకుని, సన్నటి గొట్టం దింపి, ఓపిగ్గా, గీత దగ్గరికి వచ్చేదాకా లాగాడు. లీటరుంబావు. పారబొయ్యడానికి చేతులు రాలేదు, సీసాలో పోసి మూత పెట్టాడు. ఆ పైన డిపో అలవాటు కొద్దీ, దేనిమీదైనా తారీఖూ టైమూ రాయందే నిద్రపట్టని అలవాటు కొద్దీ, పట్టీ అంటించి రాశాడు. పడుకున్న చోటినించి అక్షరాలు కనపడవు. కనపడక్కర్లేదు. కాని తారీఖు? అదీ తికమకే అయితే బావుండు. అట్ట మీద వీపు ఈడ్చుకుంటూ బయటికొచ్చి, మోకాళ్ళ మీద లేచి, అర దగ్గరికి నడిచి, సీసా తిప్పాడు. తన చేతిరాతే, గుండ్రంగా, బళ్ళో పలకమీద దిద్దినట్టు. ఐదో తారీఖు, ఆదివారం, పొద్దున ఏడూ పది. కింద గీత గీసి మరీ రాశాడు, ఎక్కువైన గేరు నూనె. బళ్ళు తెరిచింది అదే నెల ఇరవై ఏడు, సోమవారం. కారు ఉలిక్కిపడుతోందని ఆమె అన్నది మధ్యలో. బనీనే. బనీనులోనే ఉన్నాడు. జేబులో గుచ్చుకున్నది పెన్ను కాదు, బనీనుకి జేబే ఉండదు, గుచ్చుకున్నది మరేదో.

మద్దెల ఓడే. ఓడు చేసింది తనే.

ఇంకా ఒకటుంది. భయపడి ఆమె తోలడం మానేసింది కాబట్టి లోపల మాడకుండా మిగిలింది. తన మాట నమ్మక, మొండిగా తోలి ఉంటే ఈపాటికి ఇనుపకొట్టుకి పోయేది. అంటే కారుని ఆమె భయమే కాపాడింది. ఆ భయాన్ని తనిచ్చాడు. అయితే కారుని కాపాడింది తనేనా? ఛీ, ఇలా తిప్పితే ఎలాగైనా తిరుగుతుంది బుర్ర, దానికి స్టీరింగు లేదు. సీసా చేతిలో బరువుగా ఉంది. కిటికీలో వాచీ నాలుగుంబావు దాటింది. వంగి చూస్తే చుక్క ఆగిపోయింది. అంచున ఒకటి ఉంది కాని దిగడంలేదు. చేతులు పనిలో పడ్డాయి. కొత్త ఫిల్టరు ఎక్కించాడు, పళ్ళెం తుడిచాడు, కొత్త ప్యాకింగు పెట్టి బోల్టులు మూల నించి మూలకి, ఒక్కో చుట్టు మాత్రమే, సమంగా బిగించాడు. దిమ్మలు తీసి కారుని దింపాడు. చేతులకి తెలుసు తమ పని, బుర్రే మళ్ళీ మొదలెట్టింది. ఏమీ చెప్పనక్కర్లేదుగా. నూనె మార్చాను, సరిపోయింది, పాతబడిపోయిందంతే అంటే చాలు. అబద్ధం కూడా కాదు. మాట్లాడకపోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. సీసా కడిగేస్తే ఉత్త సీసా. గరాటులో కొత్త నూనె పోస్తున్నాడు, రెండు ముప్పావు అయింది, ఇక్కడ ఆపితే మళ్ళీ ఆ కారే. మగ్గు మళ్ళీ నింపాడు. ఇంకో లీటరుంబావు దిగుతుంటే ఎర్రగా, సన్నగా, తెగకుండా దారంలా దిగింది. కారు బాగవుతుంది, ఆ వాసన తెలుస్తూనే ఉంది. బాగైన కారుని ఐదింటికి ఎవరో తీసుకుపోతారు. కాలు మాత్రం ఇంట్లోనే ఉంటుంది, చెడ్డపేరుతో.

మిషను ఆగే దాకా ఆగాడు. సూది సగం దిగి ఆగింది.

"ఇదిగో, ఒకసారి బయటికి రా."

"చేతిలో పని ఉందండీ."

"కాలితో పని."

ఆమె వచ్చింది, మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది. సూది తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుని నిలబడింది. అతను సీసా చాపాడు. ఏం చెప్పాలో వరసగా పెట్టుకున్నవన్నీ ఎటో పోయాయి, తొట్టీ మోటారూ నాన్నా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆమె పట్టీ చదివింది.

"ఎక్కువైన గేరు నూనె. అయితే ఏంటి? నా కత్తెరకి వేసేది ఇదేగా."

"ఎక్కువ కాలేదు."

"మరి?"

"సరిగ్గానే ఉండింది. నేనే తీశాను. చూడ్డం తెలియక."

ఆమె మళ్ళీ పట్టీ చూసింది, ఈసారి తారీఖు. పెదవులు కదిలాయి, వేళ్ళ మీద లెక్కపెడుతోంది, ఐదు, పన్నెండు, పంతొమ్మిది. ఇరవై ఏడు దగ్గర వేలు ఆగిపోయింది. అతను గేరుబాక్సు కింద పడుకున్నప్పటికంటే చీకట్లో ఉన్నట్టు నిలబడ్డాడు.

"ఏడు నెలలు," అంది. "ఏడు నెలలు ఆ మూటలు నెత్తికెత్తుకుని బస్సులో నిలబడ్డానండీ."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఊఁ కొట్టడానికి కథ చెప్తున్నానా?"

"మద్దెల ఓడేనే," అన్నాడు. "ఆట నీది బాగానే ఉంది. ఓడు చేసింది నేను."

నవ్వుతుందేమో అనుకున్నాడు, నవ్వలేదు. ఏడుస్తుందేమో అని భయపడ్డాడు, అదీ లేదు. సీసా మూత గట్టిగా బిగించి చంకలో పెట్టుకుంది. "ఇది నా దగ్గరుంటుంది," అంది. "కడగొద్దు. మళ్ళీ ఎప్పుడైనా మద్దెల మాట వచ్చిందంటే తీసి చూపిస్తా." లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందంటే ఇంక రాదని అర్థమా, వస్తుందని అర్థమా? ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ వీపుని చదవడం అతనికి రాలేదు. గూట్లో ఏదో డబ్బా కదిలిన చప్పుడైంది. సూదుల డబ్బా.

తాళంచెవి పట్టుకుని వచ్చి, టేపు మెడలోనే ఉంచుకుని, ఎక్కి కూర్చుంది. అతను చెప్పినట్టే బ్రేకు తొక్కిపట్టి ఇంజను వేసింది, పీ లోంచి డీ దాకా ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ వెళ్ళి మళ్ళీ పీకి వచ్చింది. ఇంజను నడుస్తుండగా అతను పుల్ల లాగి చూశాడు, జీవితంలో మొదటిసారి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి మరీ. ఇంకా వేడెక్కనప్పుడు చూసే కింది గీత దగ్గర ఉంది. వేడెక్కాక మళ్ళీ చూడాలి, వేడెక్కాలంటే ఒక చుట్టు తిరగాలి.

"మీరు తోలండి," అంది ఆమె. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, వేళ్ళు తెల్లబడ్డాయి.

"నాకు గేరుంటే గాని రాదు," అని పక్కసీట్లో కూర్చున్నాడు.

గేటు దాటేటప్పుడు మొదటిదాన్నించి రెండోది పడుతుంటే చిన్న తట్టు తగిలింది, తలుపు మీద వేలితో కొట్టినట్టు. ఆమె కాలు వెనక్కి రాలేదు. లోపల కొత్త నూనె ఇంకా దారులు వెతుక్కుంటోంది అనుకున్నాడు, అవునో కాదో తెలియదు. వీధి మలుపు దగ్గర బామ్మర్ది, చేతిలో హెల్మెట్టు, పక్కన ఎవరో పెద్దమనిషి. కారుని చూసి చెయ్యెత్తాడు. "అక్కా! ఎక్కడికే? బావా, ఆపండి! ఈయన కారు చూడ్డానికొచ్చారు!"

ఆమె అద్దం దించి మోచెయ్యి బయటపెట్టింది. "చూశారుగా!" అంది. ఆపలేదు.

వెనక బామ్మర్ది ఏదో అరుస్తున్నాడు, వినపడలేదు. అతను వింటున్నది వేరే. చెవి మొత్తం పెట్టి, మేస్త్రి నేర్పినట్టు, రెండోది వదిలి మూడోది పట్టే ఆ క్షణం కోసం. రోడ్డు పొడుగ్గా ఉంది, ఇళ్ళు వెనక్కి పోతున్నాయి, ఇంజను గొంతు మిషను గొంతులా పెరిగిందని తెలియకుండా పెరుగుతోంది. ఇప్పుడు పడుతుంది. ఇప్పుడు.

"మూడోది పడిందా?" అని అడిగాడు.

"ఎప్పుడో పడింది," అంది ఆమె, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇది నాలుగో, ఏమో."

అతని ఎడమకాలు కారు చాప మీద ఊరికే పడి ఉంది. ఏ గేరులో ఉన్నాడో తెలియకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళలో గజం దూరం వెళ్ళని మనిషి, ఆ రోడ్డు చివరిదాకా అలాగే వెళ్ళాడు.